రివియెరానా, థండర్‌బర్డా: 1965 మోడళ్లలో ఏది మేలు?

అరవైల నాటి అమెరికన్ పర్సనల్ లగ్జరీ కారు (సొంతంగా నడుపుకునేవారి కోసం చేసిన రెండు తలుపుల విలాసవంతమైన కారు) ఒక్కటి కొనదలిస్తే బ్యూయిక్ రివియెరా మేలా, ఫోర్డ్ థండర్‌బర్డ్ మేలా అని చాలామంది పదేపదే అడుగుతున్నారు. 1965 మోడళ్లను పోల్చడమే న్యాయమని నా ఉద్దేశం. అప్పటికి రెండూ తమ ముఖ్యమైన లోపాలను సరిదిద్దుకున్నాయి.

లోపలి వైభవంలో థండర్‌బర్డ్‌దే పైచేయి. ఎక్కి దిగడానికి వీలుగా పక్కకు జరిగే స్టీరింగ్, మూలలు తిరిగి చుట్టుకొచ్చే వెనుక సీటు, లోపలి నుంచి అంచు వైపు ఒకదాని తరువాత ఒకటి వెలిగే వెనుక ఇండికేటర్లు నేటికీ ముచ్చట గొలుపుతాయి. టాప్ తెరుచుకునే కారే కావాలనుకునేవారికి ఇక చర్చ అవసరం లేదు, ఆనాటి రివియెరాలో కన్వర్టిబుల్ లేదు.

అయితే నా దృష్టిలో అసలు తేల్చవలసినవి బరువు, గేర్‌బాక్స్. థండర్‌బర్డ్‌లోని 390 ఘనపు అంగుళాల ఇంజన్ 300 హార్స్‌పవర్ ఇస్తుంది గానీ, రివియెరా కంటే దాదాపు 200 కిలోల అదనపు బరువును మోయవలసి రావడం వల్ల మలుపుల్లోనూ, ఎత్తు ఎక్కేటప్పుడూ ఆ భారం తెలుస్తూనే ఉంటుంది. రివియెరాలో 401 ఇంజన్‌కు 325, గ్రాన్ స్పోర్ట్ అనే మరింత శక్తిమంతమైన రకంలోని రెండు కార్బురేటర్ల 425 ఇంజన్‌కు 360 హార్స్‌పవర్ ఉన్నాయి. 1963 రివియెరాలోని డైనాఫ్లో అనే పాత తరహా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎంతో మృదువుగా నడిచినా ఇంజన్ శక్తిని వృథా చేసేది. 1964లో దాని స్థానంలో మూడు గేర్ల ఆటోమేటిక్ వచ్చాకే బ్యూయిక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి బిల్ మిచెల్ పర్యవేక్షణలో రూపుదిద్దుకున్న ఆ పదునైన ఆకారానికి తగిన నడక అబ్బింది. కాబట్టి అందం ఒక్కటే చూసి 1963 కారు కొనవద్దని గట్టిగా చెబుతాను.

బ్రేకుల విషయంలో మాత్రం థండర్‌బర్డ్‌ను మెచ్చుకోవాలి. 1965 నుంచి దాని ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. రివియెరా డ్రమ్ బ్రేకుల అల్యూమినియం డ్రమ్ములు వేడిని బాగానే వెళ్లగొడతాయి, కానీ ఘాట్ రోడ్లలో తరచూ తిరిగేవారు ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు.



నా ఎంపిక 1965 రివియెరా. కొనే ముందు ఫెండర్ల అంచుల్లోని హెడ్‌లైట్ల మూతలు రెండూ ఒకేసారి, పూర్తిగా తెరుచుకుంటున్నాయో లేదో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడొకసారి, బాగా వేడెక్కిన తరువాత మరొకసారి పరీక్షించండి.