పైనుంచి కిందికా, వేళ్ల నుంచి పైకా? ఉన్ని సాక్సులకు ఏది మేలు

చలికాలం దగ్గర పడిందంటే అల్లికవాళ్ల ప్రశ్న ఒకటే: సాక్సు పై అంచు దగ్గర మొదలుపెట్టాలా, వేళ్ల కొస దగ్గరా? రెండు దారుల్లోనూ మంచి సాక్సే వస్తుంది. తేల్చాల్సింది అది ఎవరి కాలికి అన్నది.

లెక్కకు ఒక కొలత పెట్టుకుందాం. పాదం పొడవు 10 అంగుళాలు, చుట్టుకొలత 9. దారం 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్ ఉన్న సన్నరకం. 2.25 మి.మీ. సూదుల మీద అంగుళానికి 8 కుట్లు పడితే, సాక్సు సాగి కాలిని పట్టి ఉండాలి కాబట్టి చుట్టుకొలతలో ఒక అంగుళం తగ్గించి, మొత్తం 64 కుట్లు చాలు. 100 గ్రాముల ఉండలో జత అయిపోతుంది.

వేళ్ల నుంచి మొదలుపెట్టడంలో రెండు లాభాలున్నాయి. అల్లుతూనే తొడిగి చూసుకోవచ్చు. ఉండను తూకం వేసి 50 గ్రాముల చొప్పున పంచుకుంటే, దారం అయిపోయేదాకా పిక్క మీదికి అల్లుకుంటూ పోవచ్చు. సొంత కాలికైతే, దారం తక్కువగా ఉంటే ఇదే హాయి.

కానీ వరంగల్‌లో, హన్మకొండలో ఉన్ని సాక్సులు అల్లేది ఎవరికోసం? మన చలికి వాటి పని సంక్రాంతి దాకానే. ఎక్కువ జతలు పోయేది టొరంటోకో చికాగోకో, అక్కడ చదువుకునే పిల్లలకు. తొడిగి చూద్దామంటే ఆ కాలు ఇక్కడ లేదు. ఫోన్లో చెప్పే చెప్పుల నంబరును నమ్మలేం. మగవాళ్లకు మన 8 అక్కడ దాదాపు 9. గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడి, అన్నిటికన్నా పొడవైన వేలి దగ్గర గీత పెట్టి కొలవమనాలి. ఆ కొలత వచ్చేసరికి వారం పడుతుంది.

నా ఓటు పైనుంచి అల్లడానికి పడేది ఇక్కడే. పిక్క, మడమ, పాదంలో 7 అంగుళాల వరకు పొడవు తెలియకుండానే అల్లేయొచ్చు. రెండు సాక్సులనూ అక్కడ ఆపి, కుట్లను వేరే దారం మీద ఉంచేస్తే సరి. ఉన్ని సాగుతుంది కాబట్టి 10 అంగుళాల పాదానికి సాక్సు తొమ్మిదిన్నర చాలు. ఏడూ ముప్పావు దగ్గర తగ్గింపు మొదలుపెట్టాలి: చుట్టు విడిచి చుట్టు నాలుగేసి తగ్గిస్తూ 32కి, ఆ పైన ప్రతి చుట్టులో తగ్గిస్తూ 16కి. ఎనిమిదికి ఎనిమిది ఎదురెదురుగా సూదితో కలిపేయాలి. దారపు కొసను పొట్టిగా కత్తిరించకుండా లోపల దాచాలి. పొడవు తేడా వస్తే ఆ కొస వెనక్కి లాగి, వేళ్ల భాగం ఒక్కటే విప్పితే చాలు.

వేళ్ల నుంచి వస్తే మడమ ఎక్కడ మొదలుపెట్టాలో ముందే తెలియాలి. మడమ పట్టీ, అంటే మడమ వెనక భాగాన్ని కప్పే ముక్క, పెట్టేవాళ్లు మూడు నాలుగు అంగుళాల ముందు నుంచే కుట్లు పెంచాలి. అంగుళం తప్పితే ఆ తప్పు మడమ కింద, పిక్క కింద పూడుకుపోతుంది. కత్తిరించి కొత్త వేళ్లు అల్లొచ్చు, నిజమే. కానీ కత్తెర పెట్టి, తెగిన చుట్టులో 64 కుట్లను ఒక్కొక్కటిగా వెతికి సూదికి ఎక్కించాలి.

పైనుంచి వచ్చేటప్పుడు మడమ పట్టీ కూడా తేలిక. 32 కుట్ల మీద సీదా (ముందువైపు) వరుసలో ఒకటి అల్లకుండా దాటించి, ఒకటి అల్లాలి. ఉల్టా (వెనకవైపు) వరుసలో మొదటి కుట్టు ఒక్కటే దాటించాలి. ఇలా 32 వరుసలు. దాటించిన కుట్ల వెనక దారం అడ్డంగా సాగి పట్టీ మందమవుతుంది, బూటు రాపిడికి త్వరగా చిరగదు. మడమ తిప్పాక, అంటే పట్టీని అరికాలి వైపు మలిచాక, 18 కుట్లు మిగులుతాయి. అంచుల వెంట చెరో 16 ఎత్తుకుని, పాదం పైనున్న 32 కలిపితే 82. చుట్టు విడిచి చుట్టు రెండేసి తగ్గిస్తే 18 చుట్లలో మళ్లీ 64. చిల్లి పడేది పట్టీ పై మూలలోనే. అక్కడ ఒక కుట్టు అదనంగా, మెలిపెట్టి ఎత్తుకుని, తర్వాతి చుట్టులో పక్కదానితో కలిపి అల్లాలి.

బిగుతు విషయంలో రెండూ రెండే. పైనుంచి మొదలుపెట్టేవాళ్లు మొదటి కుట్లు బిగించేస్తారు, వేళ్ల నుంచి వచ్చినవాళ్లు చివరి కుట్లు. అలా చేస్తే మడమ దూరదు. ఆ ఒక్క వరుసకు రెండు సైజులు పెద్ద సూది పట్టుకోండి.

రెండు సూదులతో బల్లపరుపుగా అల్లి కుట్టేసే పద్ధతీ ఉంది. అరికాలి కింద అతుకు గుచ్చుతుంది, వదిలేయండి.

దారం గురించి అడిగేవాళ్లకు: మన దుకాణాల్లో ‘ఊలు’ అని ఇచ్చేది చాలావరకు యాక్రిలిక్, చెమట పీల్చదు. కురుమలు నేసే గొంగడి ఉన్ని కప్పుకోవడానికి దిట్టం, కాని పాదానికి గరుకు. విదేశానికి పంపే జతకు సూపర్‌వాష్ ఉన్ని, అంటే మెషీన్లో ఉతికినా ముడుచుకోకుండా శుద్ధి చేసిన ఉన్ని, కొనండి. అక్కడ బట్టలన్నీ కలిపి డ్రయ్యర్లో వేస్తారు, మామూలు ఉన్నయితే ముడుచుకుపోతుంది. సూపర్‌వాష్ మాత్రం తడిస్తే సాగుతుంది. అందుకే నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరాకే అంగుళానికి ఎన్ని కుట్లో లెక్కపెట్టండి.