పాత గిర్ని ఇంజన్: చేతి హ్యాండిల్ స్టార్టింగ్ మీద నా అనుభవం

చేనుకు నీళ్లు పెట్టడానికి నేను వాడే ఈ పాత డీజిల్ ఇంజన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది దాని స్టార్టింగ్. బ్యాటరీ అక్కర్లేదు, సెల్ఫ్ అక్కర్లేదు, కరెంటు అసలే అక్కర్లేదు. సిలిండర్ పైమూత (హెడ్) దగ్గర, పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వును ఎత్తిపట్టే చిన్న లివర్ ఉంటుంది. దాన్ని లేపి హ్యాండిల్ తిప్పితే సిలిండర్‌లో గాలి అడ్డుపడదు, రెండు ఫ్లైవీల్స్, అంటే పక్కల ఉండే బరువైన చక్రాలు, నిదానంగా ఊపందుకుంటాయి. ఊపు చాలిందని చేతికే తెలుస్తుంది. అప్పుడు లివర్ వదిలేయడమే. ఫ్లైవీల్స్‌లో చేరిన బలం పిస్టన్‌ను కంప్రెషన్ దాటిస్తుంది. ఒక్క దెబ్బ గట్టిగా కొడుతుంది, పైపులోంచి నల్లటి పొగ లేస్తుంది, ఆ తర్వాత డుక్కు డుక్కుమంటూ తన దారిన తను నడుస్తుంది. ఇన్నేళ్లు వాడాక కూడా ఆ మొదటి దెబ్బ వినపడితే నాకు సంతోషమే.

ఇది లిస్టర్ రకం, ఆరు హార్స్‌పవర్, నిమిషానికి 650 చుట్లు తిరిగేది. ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ అనే ఊళ్లో పుట్టిన డిజైన్. మన వైపు కనిపించేవి చాలావరకు రాజ్‌కోట్‌లో పోతపోసినవే, మాదీ అంతే. ఒకప్పుడు మా ఊళ్లో గిర్ని (మర) నడిపింది. గిర్నికి కరెంటు మోటరు పెట్టాక వెనకాల చింతచెట్టు కింద వదిలేశారు. పాత ఇనుము కొనేవాళ్ల చేతికి పోకముందే అడిగి తెచ్చుకున్నాను.

మాది మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు. మిర్చి, కొంత వరి వేస్తాం. మా వైపు వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు వంతుల మీద వస్తుంది, కొన్ని రోజులు పగలు, కొన్ని రోజులు రాత్రి. నది అవతల తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు మొదలైంది. అక్కడి చుట్టాలు పగలు హాయిగా నీళ్లు పెట్టుకుంటుంటే, ఇక్కడ మేము టార్చిలైటు పట్టుకుని రాత్రిపూట చేనుకు పోవాలి. మిర్చికి నీళ్లు అందాల్సిన రోజున అందకపోతే పూత రాలిపోతుంది. అందుకే నేను ఈ ఇంజన్ మీద అంత పట్టుగా పని చేశాను.

తెచ్చినప్పుడు పిస్టన్ పూర్తిగా పట్టేసి ఉంది. హెడ్ తీసి, సిలిండర్‌లో డీజిల్, కిరసనాయిలు కలిపి పోసి రోజుల తరబడి నానబెట్టాం. తర్వాత చెక్క దిమ్మ పెట్టి సమ్మెటతో నెమ్మదిగా తడుతూ పోతే వెంట్రుకవాసి కదిలింది. ఒకసారి కదిలిందంటే ఇక వచ్చినట్టే. రింగులు, హెడ్ ప్యాకింగ్, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ మంచిర్యాలలో దొరికాయి. ఈ రకం ఇంజన్ సామాను ఇప్పటికీ కొత్తది వస్తుంది కాబట్టి స్పేర్ల టెన్షన్ లేదు. వాల్వు సీట్లు మాత్రం లేత్ మిస్త్రీ దగ్గర చేయించాను.

ఇంట్లో ఇలాంటిది విప్పేవాళ్లు ఒక్క పని తప్పకుండా చేయండి. ఆయిల్ నిలిచే కింది పెట్టె, అదే క్రాంక్‌కేసు, దాని లోపలి గోడలను వైర్ బ్రష్‌తో గీకండి. పోత పోసినప్పటి ఇసుక కొన్ని ఇంజన్లలో సరిగ్గా కడగకుండానే రంగు కింద ఉండిపోతుంది. మా దాంట్లో మూలల నుంచి గుప్పెడు ఇసుక రాలింది. ఈ ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్ కింద ఉన్న చెంచా ఆయిల్‌ను చిమ్మితేనే బేరింగులకు తడి. ఆ ఆయిల్‌లో ఇసుక ఉంటే బేరింగుల గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక 2022 జులై వరద. గోదావరి, ప్రాణహిత రెండూ పొంగి మా చేన్లు మునిగాయి. ఇంజన్ కూడా నీళ్ల కిందికి పోయింది. పక్క చేన్లలో మునిగిన కరెంటు మోటర్లు చాలావరకు వైండింగ్‌కు పోయాయి. మేము బురద కడిగి, క్రాంక్‌కేసు కింది నట్టు విప్పితే ముందు నీళ్లు, వెనకాల పాలచాయ్ రంగులో ఆయిల్ వచ్చింది. నాజిల్ విప్పి, సిలిండర్‌లో ఉన్న నీళ్లు ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చేదాకా చేత్తో మెల్లగా తిప్పాం. నీళ్లు లోపల ఉండగా హ్యాండిల్ గట్టిగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఎవరైనా సరే ఇక్కడ తొందరపడొద్దు. డీజిల్‌తో లోపలంతా కడిగి, కొత్త ఆయిల్ పోసి, లివర్ లేపి తిప్పి వదిలితే దెబ్బ కొట్టింది. ఆ వేళ ఒడ్డున ఉన్న వాళ్లందరూ చూశారు.

అయితే పాత డీజిల్ ట్యాంకు వరదలో కొట్టుకుపోయింది. కొత్తది కొన్నాను. నా అసలు కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఇంజన్ బాగానే స్టార్ట్ అయ్యేది. కాసేపు నడిచాక గొంతు మారేది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగేది, వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ తంటాలు పడేది, చివరికి ఆగిపోయేది. ట్యాంకు మూత తీసి చూస్తే డీజిల్ ఉంటుంది. మూత పెట్టి, ఇంజన్ డీజిల్ పంపు దగ్గర స్క్రూ వదులు చేసి గాలి తీసి, మళ్లీ తిప్పితే స్టార్ట్ అవుతుంది. మళ్లీ కాసేపటికి అదే కథ. చూసినవాళ్లంతా వేడెక్కి ఆగుతోంది, కాస్త చల్లారనిస్తే నడుస్తోంది కదా అన్నారు. వరద నీళ్లు తాగిన ఇంజన్ కాబట్టి ఆ మాట నమ్మేటట్టే ఉంది. ఫిల్టర్ మార్చాం. నాజిల్ టెస్టు చేయించాం. డీజిల్ పంపులో ఎలిమెంట్ (డీజిల్‌ను ఒత్తిడితో తోసే లోపలి భాగం) అరిగిందని మిస్త్రీ అంటే అదీ కొత్తది వేయించాను. డబ్బు పోయింది, మిర్చి ఎండుతోంది, ఇంజన్ మాత్రం దాని ఇష్టమొచ్చినట్టు ఆగుతూనే ఉంది.

పట్టుకున్నది మా అక్క కొడుకు. వాడు సెలవుల్లో వచ్చి నాతో చేను దగ్గర ఉండేవాడు. ఒక రోజు అడిగాడు: "మామా, ట్యాంకు నిండా పోసిన రోజే ఎందుకు తొందరగా ఆగుతోంది? సగం ఉన్నప్పుడు ఎక్కువసేపు నడుస్తోంది చూడు."

ఆలోచిస్తే నిజమే. వేడి వల్ల అయితే ట్యాంకులో డీజిల్ ఎంతున్నా ఒకటే కావాలి. మరుసటిసారి గొంతు మారగానే ఇంజన్ దగ్గరికి పోలేదు, నేరుగా ట్యాంకు దగ్గరికి పోయి మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. రెండు క్షణాల్లో ఇంజన్ మళ్లీ పాత గొంతుకు వచ్చింది.

సంగతి ఏమిటంటే కొత్త ట్యాంకు మూతకు గాలి రంధ్రమే లేదు. లోపల మందపాటి రబ్బరు వాషర్ వేసి గట్టిగా బిగుసుకునేలా చేశారు. డీజిల్ కిందికి దిగాలంటే ఆ చోటును నింపడానికి పైనుంచి గాలి రావాలి కదా. రాకపోతే ట్యాంకులో వెలితి ఏర్పడి డీజిల్‌ను పైకి లాగి పట్టుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలి కొద్దిగానే ఉంటుంది కాబట్టి ఆ వెలితి తొందరగా ముదురుతుంది. సగం ఉంటే ఆ గాలి కొంతసేపు సాగుతుంది. డీజిల్ ఉందో లేదో చూద్దామని మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోయి ఇంజన్ బాగైపోయేది, మేమేమో చల్లారి బాగైందనుకున్నాం. మూతకు సన్నటి రంధ్రం కొట్టించి, వాన నీళ్లు పడకుండా వంచిన చిన్న పైపు ముక్క పెట్టించాను. ఆ తర్వాత ఆ జబ్బు మళ్లీ రాలేదు.

చుక్క డీజిల్ కారకుండా ఉందని చూపించి అమ్మారు ఆ ట్యాంకు. ఒక్క రంధ్రం కొట్టడానికి వాళ్లకు ఏం ఖర్చవుతుంది? ఆ రంధ్రం లేక నాకు ఎలిమెంట్ ఖర్చు, ఒక తడి తప్పిన పంట మిగిలాయి. కొత్త ట్యాంకు కొనేవాళ్లు కొట్టులోనే మూత విప్పి వెలుతురుకు పెట్టి చూడండి.

స్టార్టింగ్ గురించి మొదట రాసినదానికి ఇప్పుడు కొంత కలపాలి. డీజిల్ లైన్‌లో గాలి లేనప్పుడే ఆ సుఖం. గాలి పట్టిందంటే ఎంత తిప్పినా లాభం లేదు. పంపు స్క్రూ దగ్గర బుడగలు పోయి డీజిల్ నిండుగా రావాలి, తర్వాత నాజిల్ పైపు నట్టు వదులు చేసి అక్కడా రావాలి, బిగించి తిప్పితే నాజిల్ కిర్రుమనాలి. ఆ కిర్రు వినపడకుండా లివర్ వదలడం దండగ. చలికాలం తెల్లవారుజామున ఆయిల్ గట్టిపడి ఉంటుంది, అప్పుడు నాకే రొప్పు వస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్లు మోటరు స్విచ్ వేయగలరు గానీ ఈ హ్యాండిల్ తిప్పలేరు, తిప్పమని నేను అడగను కూడా. బొటనవేలిని పిడి చుట్టూ బిగించకుండా మిగతా వేళ్ల వైపే పెట్టాలి. ఇంజన్ వెనక్కి తన్నిందంటే వేలు విరుగుతుంది. ఫ్లైవీల్‌ను ఇరుసుకు బిగించే కీ తల బయటికి పొడుచుకుని తిరుగుతుంటుంది, పంచె గానీ తువ్వాలు గానీ దానికి చుట్టుకుంటే మనిషి దక్కడు. పాత డ్రమ్ము రేకు కోసి దానికి అడ్డు పెట్టించాను.

ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల సంగతి ఒకటి. చాలామంది పంపు నీళ్లనే కొంచెం మళ్లించి ఇంజన్‌లోకి వదులుతారు, చల్లగా ఉంటే మంచిదని. నది నీళ్ల బురద సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే జాకెట్‌లో పేరుకుంటుంది, పైగా ఇంజన్ మరీ చల్లగా ఉంటే డీజిల్ సరిగ్గా మండక పొగ పెడుతుంది. నేను రెండు వందల లీటర్ల డ్రమ్ము ఎత్తు మీద పెట్టి, కింద పైన రెండు పైపులు కలిపాను. వేడి నీళ్లు పైకి, చల్లనివి కిందికి వాటంతటవే తిరుగుతాయి. పొగ తగ్గింది.

కొనాలా, పాతది బాగు చేసుకోవాలా అని అడిగేవాళ్లకు ఒకే జవాబు ఇవ్వలేను. నాకు ఇది దాదాపు ఇనుము ధరకు దొరికింది. విప్పి బిగించడం నాకు ఇష్టం. సిమెంటు దిమ్మె కట్టడానికి చోటుంది, చప్పుడుకు ఇబ్బంది పడే ఇళ్లు పక్కన లేవు. అయినా గంటకు లీటరు అటూ ఇటూ తాగుతుంది, లీటరు తొంభై రూపాయలు దాటిన డీజిల్‌తో సీజనంతా దీని మీదే నీళ్లు పెడితే మిర్చి మీద మిగిలేది తక్కువ. అందుకే నేనూ కరెంటు వంతు ఉన్నప్పుడు మోటరే వేస్తాను. మహారాష్ట్రలో రైతు వాటా పది శాతం, ఎస్సీ ఎస్టీలకు ఐదు శాతం కడితే సోలార్ పంపు ఇచ్చే పథకం ఉంది. బోరు గానీ బావి గానీ ఉండి, పగటి నీళ్లతో సరిపోయేవాళ్లు ముందు దానికి అర్జీ పెట్టుకోవడం మేలు. ఏటా మునిగే ఒడ్డున సోలార్ ప్లేట్లు పాతాలంటే నాకు ధైర్యం చాలలేదు.

మా తమ్ముడు మాత్రం దీన్ని అమ్మేసి చిన్న పెట్రోల్ పంపుసెట్టు తెద్దామంటున్నాడు, ఒక్కడే ఎత్తుకుని పోవచ్చు, వరద వస్తే ఇంటికి తెచ్చుకోవచ్చు అని. ఆ మాటలో నిజముంది. నా భుజం సహకరించినన్నాళ్లు ఇది ఇక్కడే ఉంటుంది, తర్వాతి మాట అక్క కొడుకుతో మాట్లాడాలి.