లీడ్స్ కోట: పెద్దలతో, పిల్లలతో కలిసి ఒక రోజు గడపడానికి

లండన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు వేసవిలో అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు కోట చూపించాలనుకుంటే సాధారణంగా విండ్సర్‌కే తీసుకువెళతాయి. విండ్సర్ చూడదగినదే గాని, అక్కడ తనిఖీలు, వరుసలు, గదుల వెంట గదులు దాటేసరికి పిల్లల ఓపిక, పెద్దల మోకాళ్లు రెండూ అయిపోతాయి. ఒకే రోజు చేతిలో ఉండి, ఇంట్లో ఏడేళ్ల పిల్లా డెబ్బై ఏళ్ల తాతగారూ ఉంటే, నా ఓటు కెంట్‌లోని లీడ్స్ కోటకే.

ముందుగా దారి సంగతి. ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఉన్న లీడ్స్ నగరానికీ ఈ కోటకూ ఏ సంబంధమూ లేదు; ఇది లండన్‌కు ఆగ్నేయంగా సుమారు 40 మైళ్ల దూరంలో, మెయిడ్‌స్టోన్ పట్టణం దగ్గర, లీడ్స్ అనే చిన్న ఊరి పక్కన ఉంది. కారులో వెళ్లేవారు ఎం20 రహదారి మీద 8వ జంక్షన్ దగ్గర దిగిపోవాలి. రైలులో అయితే లండన్‌లోని విక్టోరియా స్టేషన్ నుంచి బేర్‌స్టెడ్ వరకు గంట ప్రయాణం. స్టేషన్ నుంచి కోట పెద్దవాళ్లు నడవగలిగే దూరం కాదు కనుక అక్కడి నుంచి బస్సో టాక్సీయో ముందే మాట్లాడుకోవడం మంచిది.

గోల్కొండను, గండికోటను చూసిన కళ్లకు ఈ కోట చిన్నదిగానే కనిపిస్తుంది. మా మామయ్యగారు చెరువు గట్టున నిలబడి చూసి, "ఇంతేనా అమ్మా?" అని అడిగేశారు. అందుకే వెళ్లేముందే ఇంట్లో చెప్పి ఉంచాలి: చూడవలసినది కోట ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న 500 ఎకరాల ఎస్టేటు కూడా. లెన్ అనే చిన్న నది నీటితో ఏర్పడిన సరస్సులో రెండు దీవుల మీద కట్టిన ఈ కోటను లోపల తిరిగి చూడడానికి గంట చాలు. మిగతా రోజంతా బయటే గడుస్తుంది. ఆ లెక్క తెలియకుండా వెళ్లినవారే నిరాశపడతారని నా అభిప్రాయం.

ఆ గంటలో చూసేదాని గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1119లో రాతికోటగా మొదలై, 1278లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ భార్య ఎలియనార్ చేతికి వచ్చి, ఆ తర్వాత పలువురు రాణుల ఆస్తిగా ఉన్న కట్టడం ఇది. అయితే ఇప్పుడు మనం నడిచే గదుల్లో చాలా భాగం మధ్యయుగం నాటివి కావు. ప్రధాన భవనాన్ని 1820లలో తిరిగి కట్టారు. 1926లో కోటను కొన్న లేడీ బెయిలీ అనే సంపన్నురాలు ఫ్రెంచి అలంకరణ నిపుణులను పిలిపించి లోపలి గదులను తన అభిరుచికి తగినట్టు మార్పించుకున్నారు. కత్తులూ డాళ్లూ ఆశించి వెళితే పట్టు పరదాలు, పుస్తకాల గది ఎదురవుతాయి. నాకు అది లోపంగా అనిపించలేదు, కానీ పిల్లలకు కథ చెప్పకపోతే విసుగు తప్పదు.

కథలకు మాత్రం కొదవ లేదు. 1321లో ఇసబెల్లా రాణి రాత్రి బసకు వస్తే, భర్త ఇంట లేని సమయంలో కోటను కాస్తున్న లేడీ బాడిల్స్‌మియర్ తలుపులు తెరవనంది. పైనుంచి బాణాలు వేయించగా రాణి పరివారంలో ఆరుగురు చనిపోయారు. రాణి భర్త, రాజు రెండవ ఎడ్వర్డ్ సైన్యంతో వచ్చి కోటను పట్టుకుని, ఆవిడను లండన్ టవర్‌లో బంధించాడు. ఈ కథను ద్వారం ముందు నిలబడి చెప్పాక, మా పిల్లలు బాణాలు ఏ కిటికీ నుంచి వచ్చి ఉంటాయోనని ప్రతి గోడనూ వెతికారు. పేపరు చదివే తాతగార్లకు వేరే కథ ఉంది: 1978 జులైలో, ఈజిప్టు, ఇజ్రాయెల్‌ల శాంతికి దారితీసిన క్యాంప్ డేవిడ్ ఒప్పందానికి ముందు, ఈజిప్టు, ఇజ్రాయెల్, అమెరికా విదేశాంగ మంత్రులు చర్చలకు కూర్చున్నది ఈ కోటలోనే. మామయ్యగారి ముఖం విప్పారింది అక్కడే.

ఇక్కడి కుక్కల మెడపట్టీల మ్యూజియాన్ని చాలామంది నవ్వుకుంటూ దాటిపోతారు, దాటిపోకండి. వేటకుక్కల గొంతును తోడేళ్లు, ఎలుగుబంట్లు పట్టకుండా బయటివైపుకు మేకులు పొడుచుకు వచ్చేలా చేసిన ఇనుప పట్టీలు అక్కడున్నాయి. వాటి పక్కనే ధనికుల ముద్దుల కుక్కలకు చేయించిన నగిషీ పట్టీలు కనిపిస్తాయి.

పిల్లలకు అసలు ఆకర్షణ మేజ్. 2,400 యూ చెట్లను పెంచి కత్తిరించిన ఈ పచ్చగోడల పద్మవ్యూహం 1988లో తెరుచుకుంది. మధ్యనున్న దిబ్బ ఎక్కితే ఇంకా దారి వెతుక్కుంటున్న వాళ్లందరూ కనిపిస్తారు, బయటికి వచ్చే దారి మాత్రం భూగర్భంలోని గుహ గుండా ఉంటుంది. ఆ గుహలో గవ్వలతో, రాళ్లతో చేసిన వింత ముఖాలను చూసి మరీ చిన్నపిల్లలు జడుసుకోవచ్చు, చెయ్యి పట్టుకుని నడిపించాలి. మోకాళ్ల నొప్పులున్నవారు బయట బెంచీ మీద కూర్చోవడమే ఉత్తమం.

నా సలహా ఏమిటంటే, ఉదయం తెరవగానే నేరుగా కోట లోపలికి వెళ్లి, రద్దీ పెరగకముందే పెద్దవాళ్ల మెట్ల పని ముగించాలి. తర్వాత పచ్చికలో దుప్పటి పరిచి భోజనం చేయాలి. ఇంటి నుంచి తెచ్చుకున్నది అక్కడ నిక్షేపంగా తినవచ్చు కనుక పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లండి. అయితే నెమళ్లు, బాతులు దగ్గరికి వచ్చేస్తాయి, డబ్బాల మూతలు తీసి పెట్టకూడదు. డేగల ప్రదర్శన వేళను గేటు దగ్గరే తెలుసుకుని, మేజ్‌ను దాని తర్వాతకు ఉంచుకోవాలి. కార్ పార్కు నుంచి కోటకు నడక బాగానే ఉంటుంది. నడవలేనివారు లోపల తిరిగే చిన్న రైలుబండి గురించి అడగాలి.

టికెట్టు ధర ఒక కుటుంబానికి తక్కువేమీ కాదు. అయితే ఏడాది పాటు చెల్లే టికెట్టు తీసుకుంటే, కల్పెపర్ తోటను, సరస్సులోని నల్లహంసలను మరో వారాంతానికి వదిలేయవచ్చు. ఇక్కడ పెళ్లిళ్లు, కచేరీలు కూడా జరుగుతాయి కనుక బయలుదేరే ముందు రోజు రాత్రి కార్యక్రమాల పట్టికను ఒకసారి చూసుకోండి.