యాప్ క్యాబు, స్టాండు కారు

రాజమహేంద్రవరంలో రైలు దిగి ఊరిలోనే తిరగవలసినవారికి యాప్ క్యాబు మేలు. ఎక్కకముందే ఛార్జీ తెలుస్తుంది, బేరమాడే పని ఉండదు. అయితే రద్దీని బట్టి అది పెరుగుతుంది: కేంద్రం 2020 మార్గదర్శకాలలో మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్లుగా ఉన్న గరిష్ఠ పరిమితి 2025లో రెండు రెట్లయింది.

భీమవరం నుంచి అంతర్వేది వెళ్లేవారికి మాత్రం స్టాండు కారే నయమని నా అభిప్రాయం. రానూపోనూ కిలోమీటర్లకు కలిపి లెక్కగడతారన్నది నిజమే (బేరమాడడానికి మొహమాటపడితే నష్టం మనదే), కానీ నర్సాపురం రేవులో కారును పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించి సఖినేటిపల్లి చేరడమా, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లడమా అన్నది ఆ దారులు ఎరిగిన డ్రైవరే తేల్చుకుంటాడు, దర్శనం ముగిసేదాకా గుడి దగ్గర వేచి ఉంటాడు కూడా. యాప్‌లో ఒకవైపు ప్రయాణానికే పిలిచిన బండి దింపి వెళ్లిపోతే, అక్కడ తిరుగు బండి దొరకడం కష్టం.