ఖాదీ జెండానా, పాలిస్టర్ జెండానా?

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద జెండా కర్ర ఒకటుంది. పోయినేడు ఆగస్టు ముందు కొత్త జాతీయ జెండా తెచ్చే పనిని కమిటీవాళ్ళు నా మెడకు చుట్టారు. చిక్‌పేటలో కొట్టతను రెండు జెండాలు బల్ల మీద పరిచాడు. రెండూ మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఒకటి ఖాదీ, ఒకటి పాలిస్టర్. ఖాదీ ధర రెండింతల పైమాటే.

2021 డిసెంబరు దాకా ఈ మీమాంసే లేదు. చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డే వాడాలి. ఆ నెల 30న జెండా నియమావళిని సవరించి పాలిస్టర్‌నీ, మిషన్ పనినీ ఒప్పుకున్నారు. మరుసటేడు జూలైలో ఇళ్ళ మీద జెండాను రాత్రిపూట కూడా ఉంచొచ్చన్నారు. అంతకుముందైతే పొద్దుగుంకేలోగా దించేయాల్సిందే.

నా మొగ్గు ఖాదీ వైపు. ముట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. కర్ర వైపు మందపాటి గుడ్డ, దాని లోపల తాడు, తాడు చివర చిన్న కొయ్యబిళ్ళ. హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలో, 1957లో మొదలైన ఖాదీ సంఘంవాళ్ళు బిఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) కొలతల ప్రకారం ఇలాంటివి కుడతారు. మన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో గాంధీగారికి చూపించిన నమూనాలో రాట్నం ఉండేది. 1947 జూలై 22న రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది గానీ, గుడ్డ మాత్రం రాట్నానిదే నిలిచింది. అందుకే కాబోలు, పాలిస్టర్ జెండా చూస్తే నాకు పండక్కి ప్లాస్టిక్ తోరణం కట్టినట్టు ఉంటుంది.

అయితే బెంగళూరు ఆగస్టు సంగతి తెలిసిందే కదా. పొద్దున్న తుంపర, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం మళ్ళీ జల్లు. తడిసిన ఖాదీ బరువెక్కి కర్రకు అతుక్కుపోతుంది, ఎంత గాలి వీచినా రెపరెపలాడదు. పాలిస్టర్ చిరుగాలికే విచ్చుకుంటుంది, తడిసినా చిటికెలో ఆరుతుంది. కాకపోతే రాత్రింబవళ్ళు ఎగిరితే కర్రకు ఎదురంచు దారాలు దారాలుగా పీలికలవుతుంది. చిరిగిన జెండా ఎగరేయకూడదు. దాన్ని ఎవరూ చూడని చోట గౌరవంగా, వీలైతే కాల్చి, పూర్తిగా లేకుండా చేయాలి. ఖాదీ శుభ్రంగా బూడిదవుతుంది. పాలిస్టర్ మాత్రం కరిగి బొట్లుబొట్లుగా కారుతుంది.

కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఎగరేసి సాయంత్రానికి దించేవాళ్ళకు ఖాదీ. నెలల తరబడి కర్ర మీదే ఉంచేవాళ్ళకు పాలిస్టర్. ఏది కొన్నా టేపు పట్టి పొడవు, వెడల్పులు 3:2 ఉన్నాయో లేదో చూసుకోండి, చక్రం ఆకులు లెక్కపెట్టండి. 24 ఉండాలి. నాకు చూపించిన పాలిస్టర్ జెండాల్లో ఒకదానికి 22 వచ్చాయి, చక్రం కోడిగుడ్డు ఆకారంలో సాగింది. కొట్టతను నవ్వేసి పక్కన పడేశాడు, మళ్ళీ అదే కట్టలో.

ఇక మా బావ గొడవ. వీధి చివర ఆయనకు ఆంధ్రా మెస్ ఉంది. "మూడు రంగుల మీద బిర్యానీ ఆఫర్ కొట్టిద్దాం రా, మీ కర్రకే కింద కట్టేద్దాం" అన్నాడు.

"బావా, జెండా మీద అక్షరాలు రాయకూడదు. వ్యాపారానికి వాడకూడదు. జెండా ఎగిరే కర్రకు ప్రకటన కూడా కట్టకూడదు."

"మరి నాకేం మిగిలింది?"

మిగిలింది ఈక జెండా. ఒంగిన ఫైబర్ కర్రకు ఈక ఆకారంలో పొడవాటి పాలిస్టర్ గుడ్డ, దాని మీద కొట్టు పేరు. ఫ్లెక్సీ కన్నా ఇదే నయం: కదులుతుంది కాబట్టి బండి మీద పోయేవాడి కన్ను పడుతుంది, మడిస్తే సంచిలో పడుతుంది. ఒకవైపే అచ్చేస్తే వెనకనుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. రెండువైపులా కావాలంటే మధ్యలో నల్లగుడ్డ వేసి కుట్టాలి, అప్పుడు బరువెక్కి సరిగ్గా ఊగదు. బావకు ఒకవైపుదే చాలన్నాను. పేరు పెద్దగా, ఫోన్ నంబరు వద్దు. ఊగే గుడ్డ మీద పది అంకెలు ఎవరు చదువుతారు?

ఇప్పుడు అది ఆయన మెట్ల పక్కన, ఇసుక పోసిన నూనె డబ్బాలో నిలబడి ఉంది. రంగు మాత్రం కరివేపాకు పచ్చ.