బోవింగ్టన్‌లో చక్రాల యుద్ధవాహనాలు: ఎలా చూడాలి, ఎక్కడ ఉండాలి

ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో ఉన్న బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియానికి వెళ్లేవాళ్లు ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు టైగర్ 131 చుట్టూ మూగుతారు. నేను వెళ్లింది మాత్రం చక్రాల బండ్ల కోసం. బ్రిటిష్ ఆర్మర్డ్ కార్లలో (ఉక్కు కవచమున్న చక్రాల బండ్లు) ఏది ఏ రకమో కళ్లతో పోల్చి నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు.

లండన్ వాటర్లూ నుంచి వూల్ స్టేషన్‌కి రైల్లో సుమారు రెండున్నర గంటలు. అక్కడి నుంచి మ్యూజియం రెండు మైళ్ల లోపే. ముందే మాట్లాడుకున్న టాక్సీ రాలేదు, టెన్షన్ పడకుండా నడిచేశాం. వర్షం లేకపోతే నడకే హాయి.

సాలడిన్, సారసెన్ రెండూ ఆల్విస్ కంపెనీ ఆరు చక్రాల బండ్లే, ఒకే కుటుంబం. దూరం నుంచి తికమక పెడతాయి. ఇంజిన్ ఎటుందో చూస్తే చాలు. సాలడిన్‌కి వెనక ఉంటుంది, పైన 76 మిల్లీమీటర్ల ఫిరంగి. సారసెన్ సైనికులను మోసే బండి కాబట్టి ఇంజిన్ ముందుకొచ్చింది, ఎక్కి దిగే తలుపులు వెనక్కి వెళ్లాయి.

ఫెర్రెట్ దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడాలి. డైమ్లర్ కంపెనీ 1952 నుంచి 1971 దాకా ఈ నాలుగు చక్రాల చిన్న బండిని తయారు చేసింది. టరెట్ (పైన తిరిగే తుపాకీ గోపురం) లేకుండా పైన తెరిచి ఉంటే మార్క్ 1. మెషిన్ గన్‌తో చిన్న టరెట్ ఉంటే మార్క్ 2. దానికి రెండు పక్కలా విజిలెంట్ మిసైల్ పెట్టెలుంటే మార్క్ 2/6. పెద్ద చక్రాలు, నీళ్లలో తేలేందుకు ఒంటి చుట్టూ మడిచిన తెర ఉంటే మార్క్ 4. స్వింగ్‌ఫైర్ మిసైళ్లతో వెడల్పాటి టరెట్ ఉంటే మార్క్ 5. ఈ గుర్తులు కాగితం మీద రాసుకుని వెళ్లండి, చూపు ఎటు పెట్టాలో తెలుస్తుంది.

బస వేర్‌హమ్‌లో చేశాం. వూల్‌కి రైల్లో కొద్ది నిమిషాలే. ఫ్రోమ్ నది ఒడ్డున పాత ఊరు, సాయంత్రం తిరగడానికి, తినడానికి వూల్ కన్నా బాగుంటుంది. మా గదికి ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింది అంతస్తు అడిగి తీసుకోండి.

ఇంగ్లండ్ దాకా వెళ్లలేనివాళ్లకు మహారాష్ట్రలోని అహిల్యానగర్‌లో (పాత పేరు అహ్మద్‌నగర్) కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది. రోల్స్ రాయిస్ ఆర్మర్డ్ కారు అక్కడా చూడొచ్చు.