అద్దె క్లస్టర్‌కు డబ్బు కట్టే ముందు క్యూబ్‌కాన్ఫిగ్ ఫైలు తెరిచి చూడండి

భీమవరం చుట్టుపక్కల వెనామీ రొయ్యల చెరువుల ఆక్సిజన్ రీడింగులను రైతుల ఫోన్లకు పంపే చిన్న సాఫ్ట్‌వేర్‌ను మేము నడుపుతున్నాము. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళకు హెచ్చరిక అందకపోతే రైతు పంట మొత్తం నష్టపోతాడు. అందుకే సర్వర్ల బాధ్యత అనుభవమున్నవారికి అప్పగించాలని ఒక అమ్మకందారు వద్ద కుబెర్నెటీస్ క్లస్టర్‌ను, అంటే కుబెర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కటిగా నడిపే సర్వర్ల గుంపును, నెలవారీ అద్దెకు తీసుకున్నాము. ఆ క్లస్టర్‌లోకి వెళ్లడానికి కావలసిన చిరునామా, గుర్తింపు సర్టిఫికెట్, రహస్య కీ ఉండే క్యూబ్‌కాన్ఫిగ్ ఫైలును వారు వాట్సాప్‌లో పంపారు. ఆ రోజే నిలదీయవలసింది.

క్లస్టర్‌కు ఆదేశాలిచ్చే క్యూబ్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్‌లో కాన్ఫిగ్ వ్యూ అని అడిగితే కీ ఉన్న చోట డేటా ఒమిటెడ్ (వదిలేశాం) అనీ, పాస్‌వర్డ్‌లా పనిచేసే టోకెన్ ఉంటే రిడాక్టెడ్ (దాచాం) అనీ కనిపిస్తుంది. అది చూసి అంతా భద్రంగా ఉందనుకున్నాము. ఆ ముసుగు తెర మీద మాత్రమే ఉంటుంది. అదే ఆదేశానికి రా అనే ఫ్లాగ్ చేర్చగానే అన్నీ బయటపడతాయి. ఫైలులో సర్టిఫికెట్, కీ ఉన్నది బేస్ 64 రూపంలో, అది అక్షరాలు మార్చి రాసే పద్ధతే తప్ప రహస్య లిపి కాదు, దాన్ని ఎవరైనా విప్పగలరు.

మా ఉద్యోగి ఒకరు మానేసినప్పుడు, అతని దగ్గరున్న ఫైలు నకలు పనిచేయకుండా చేయమని అమ్మకందారును అడిగాము. సమాధానం పొంతన లేకుండా ఉండడంతో సర్టిఫికెట్‌ను ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాధనంతో చదివాము. పేరు కుబెర్నెటీస్ అడ్మిన్, గ్రూపు సిస్టం మాస్టర్స్. మా నేమ్‌స్పేస్‌కు, అంటే క్లస్టర్‌లో మాకు కేటాయించిన భాగానికి, పరిమితమైన తాళంచెవి అని చెప్పి అమ్మినది, నిజానికి క్లస్టర్ మొత్తానికి యజమాని తాళంచెవి. మనకు ఏ అధికారాలున్నాయో చెప్పే ఆథ్ కెన్ ఐ ఆదేశంతో అడిగితే అన్ని చోట్లా అన్ని అధికారాలూ ఉన్నాయని చూపింది. నేమ్‌స్పేస్‌ల జాబితాలో మరికొందరు కొనుగోలుదారులవీ కనిపించాయి. వారి సీక్రెట్లు, అంటే పాస్‌వర్డ్ల వంటివి దాచే చోట్లు, మేము తెరవలేదు. కాని వారికీ ఇలాంటి ఫైలే ఇచ్చి ఉంటే, మా రైతుల ఫోన్ నంబర్లు, డేటాబేస్ పాస్‌వర్డ్ వారి చేతిలో ఉన్నట్టే.

ఎవరు ఏం చేయవచ్చో నిర్ణయించే ఆర్‌బ్యాక్ నియమాలు మార్చామని అమ్మకందారు చెప్పారు. సిస్టం మాస్టర్స్ గ్రూపుకు ఆర్‌బ్యాక్ అడ్డు రాదు. పైగా ఇచ్చిన క్లయింట్ సర్టిఫికెట్‌ను రద్దు చేసే ఏర్పాటు కుబెర్నెటీస్‌లో లేదు. గడువు తీరాలి, లేదా సర్టిఫికెట్లన్నిటికీ సంతకం చేసే మూలమైన సర్టిఫికెట్ అథారిటీనే మార్చాలి. క్లస్టర్లు ఏర్పాటు చేసే క్యూబ్‌అడ్మిన్ అనే సాధనం ఇచ్చే సర్టిఫికెట్ల గడువు మామూలుగా 1 సంవత్సరం, మా సర్టిఫికెట్‌కు ఇంకా 7 నెలలు మిగిలి ఉంది. అథారిటీని మారిస్తే కొనుగోలుదారులందరికీ కొత్త ఫైళ్లు ఇవ్వాల్సి వస్తుందని అమ్మకందారు ఒప్పుకోలేదు. మేము పాస్‌వర్డ్లన్నీ మార్చి వేరే చోటికి వెళ్లాము. అడ్వాన్సు తిరిగి రాలేదు.

కాకినాడలోనో అమలాపురంలోనో మాలాంటి చిన్న సంస్థలు నడుపుతున్నవారు దయచేసి డబ్బు కట్టకముందే నమూనా ఫైలు అడగండి. ముందుగా దాన్ని మామూలు ఎడిటర్‌లో తెరవండి, క్యూబ్‌సీటీఎల్‌కు వెంటనే ఇవ్వకండి. అందులో ఎగ్జెక్ భాగం ఉంటే, అక్కడ రాసిన ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఇన్‌సెక్యూర్ స్కిప్ టీఎల్ఎస్ వెరిఫై అన్న చోట ట్రూ ఉంటే, అవతలి సర్వర్ అసలైనదో కాదో చూడకుండానే కలుపుతుంది, ఆ ఫైలు తీసుకోకండి. సర్టిఫికెట్‌లోని గ్రూపు, గడువు మీ సొంత యంత్రంలోనే చదవండి, బేస్ 64 విప్పే వెబ్‌సైట్లలో కీని ఎప్పుడూ అతికించకండి. ఇప్పటికే వాడుతున్న ఫైలులో సిస్టం మాస్టర్స్ కనిపిస్తే, అమ్మకందారుతో మాట్లాడేలోపే డేటాబేస్‌ను ఆ క్లస్టర్ నుంచి బయటికి తరలించి, ఆ తరువాత పాస్‌వర్డ్ మార్చండి.